గొట్టానికి వేసిన పీటముడి

గోదాము ముందు నుంచి పోతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు పిలుస్తారు. కొత్తగా చేరిన పిల్లలకు నా ముఖం తెలియదు, పాతవాళ్లు చెప్పి ఉంటారు. "అవ్వా, జర నువ్వే చెప్పు. నీళ్లల్లకు దిగేటోడు గొట్టం తీస్కపోవాల్నా, వద్దా?" అని అడుగుతారు. అడిగి, ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుతారు.

నేను నవ్వను. ఆ గొట్టం వల్ల ఒక మనిషి ప్రాణం పోబోయింది. ప్రాణం దక్కాక అతని పని పోబోయింది. రెండింటికీ కారణం నేనే. దారిలో నిలబడి చెబితే సగం విని మిగతా సగం మీరే కల్పించుకుంటారు. అందుకే కూర్చొని రాస్తున్నాను.

మాది చెరువుల్లో, ప్రాజెక్టుల్లో నీళ్ల కింద పనిచేసే చిన్న కంపెనీ. తూము ముందున్న ఇనుప జాలికి పట్టిన చెత్త తీయడం, షట్టరు కింద రబ్బరు పట్టీ చూడడం, ఇదీ పని. డైవర్లు వీపుకు గాలి సిలిండర్ కట్టుకొని దిగుతారు. నేను దిగలేదు. వాళ్లు తెచ్చిన సామాను కడిగి, ఆరబెట్టి, మళ్లీ పోయేటప్పుడు చేతికి ఇచ్చేదాన్ని. అంతకు ముందు మెదక్ బస్టాండు దగ్గర ఒక హోటల్లో గిన్నెలు కడిగాను. గిన్నెకు పనికొచ్చిన బూడిద డైవర్లు ముఖానికి పెట్టుకునే మాస్కుకు మాత్రం ఎందుకు పనికిరాదని, చేరిన మొదటి రోజే ఒక మాస్కు అద్దాన్ని బూడిదతో తోమాను. ఆ గీతలు నేను పని మానేదాకా నన్ను చూస్తూనే ఉన్నాయి.

నేను చదివింది మూడో తరగతి. సామాను పేర్లన్నీ ఇంగ్లీషువి. అందుకని గోడకు ఒక్కో డైవరుకు ఒక్కో వరుస మేకులు కొట్టించి, ప్రతి మేకు కింద బొగ్గుతో బొమ్మ గీశాను. మాస్కుకు కళ్లద్దాల బొమ్మ. కాళ్లకు తొడిగే రెక్కలకు బాతు బొమ్మ. స్నార్కెల్ అనే గొట్టానికి కొడవలి బొమ్మ, అది అట్లాగే వంకర తిరిగి ఉంటుంది కనుక. జీపు ఎక్కేముందు మేకులన్నీ ఖాళీ కావాలి. జీపు దిగాక మేకులన్నీ నిండాలి. ఈ రూలు నేను పెట్టిందే. సారు కూడా మార్చలేదు.

గొట్టం గొడవ ఏమిటో ముందు చెబుతాను. దాని ఒక కొన నోట్లో పెట్టుకుంటే ఇంకో కొన నీళ్ల పైన ఉంటుంది. ముఖం నీళ్లలో పెట్టి తేలుతూనే గాలి పీల్చుకోవచ్చు. కానీ నీళ్ల కిందికి పోయినవాడికి దానితో పనిలేదు, సిలిండర్ ఉంటుంది. మరి పనిలేని వస్తువును తలకు తగిలించుకొని పోవడం ఎందుకు?

పోవాల్సిందే అనేవాడు మా సారు. విశాఖ దిక్కు మనిషి, సముద్రంలో ఏళ్లకేళ్లు పనిచేసి వచ్చాడు. వద్దనేవాడు టేక్మాల్ నుంచి వచ్చిన డైవరు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, సొరబుర్ర నడుముకు కట్టుకొని బావిలో ఈత నేర్చినవాడు. అతను చేరి ఆరు నెలలయింది. ఆ యాసంగి, అంటే రెండో పంటకాలం, సాఫీగా గడిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ఇంటి దగ్గర భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అందరూ ఆ మాట మీదనే ఉన్నారు.

"పైకి తేలాక పడవ దూరంగా ఉంటే, అలలు మొహాన కొడుతుంటే, అప్పుడు తెలుస్తుందయ్యా దాని విలువ" అనేవాడు సారు.

"మన చెరువుల అలలెక్కడియి సారు? బర్రెలు దిగితే లేస్తయి, గంతే. గీడ వలలున్నయి, తుంగున్నది. తల పక్కకు కొమ్ము లెక్క గిది పొడుసుకొని ఉంటే తట్టుకుంటది."

"నీళ్లెక్కడైనా నీళ్లే."

"గట్లెట్లయితది సారు? మీ సముద్రానికి ఆవలి గట్టు లేదు. మాకు ఏ దిక్కు తిరిగినా గట్టే."

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు. నేను సారు వైపే నిలబడ్డాను. నాకు సముద్రమూ తెలియదు, చెరువు అడుగూ తెలియదు. కొన్న వస్తువు మేకుకు వేలాడుతూ ఉంటే నాకు మనసున పట్టదు, అంతే.

నాకున్న బాధ వేరు. గొట్టాన్ని మాస్కు పట్టీకి తగిలించే రబ్బరు కొక్కెం ఊరికే తెగిపోయేది. ఆ వానాకాలం మూడు గొట్టాలు నీళ్లలో పోయాయి. మూడు కొడవళ్ల మీద ఖాళీ మేకులు. ఇట్లా కాదని, పాత చేపల వల నుంచి నైలాను దారం లాగి, గొట్టాన్ని మాస్కు పట్టీకి నేనే కట్టాను. ముడి మీద ముడి, దాని మీద ఇంకొకటి. పీటముడి. అదీ చాలక కొసలను అగ్గిపుల్లతో కరిగించి అతికించాను. గట్టిగా గుంజి చూసుకొని, ఇక నా గొట్టం ఎట్లా పోతుందో చూస్తాను అనుకున్నాను.

టేక్మాల్ డైవరు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. "అవ్వా, గిది ఇప్పొస్తదా?"

"ఇప్పే పనేమున్నది? ఇప్పితే పోతది."

"నీళ్ల కింద దేనికన్న తట్టుకుంటే?"

"తట్టుకోకుంట చూస్కో. కండ్లున్నయి గదా. చాలదన్నట్టు మీదికెల్లి అద్దం గూడ పెట్టుకున్నవు."

పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. అతను దాన్ని మళ్లీ మేకుకు తగిలించాడు. నా మాటకు అంతమంది నవ్వినందుకు నాకు ఆ పూటంతా గొప్పగా ఉండింది. గొప్పగా అనిపించిన మాటలే తరవాత ఎక్కువ గుచ్చుకుంటాయి.

యాసంగి నాట్లకు నీళ్లు వదలాల్సిన సమయం. హవేలిఘనపూర్ దిక్కు ఒక పెద్ద చెరువులో తూము జాలి మూసుకుపోయింది. గేటు ఎత్తినా నీళ్లు సన్నగా వస్తున్నాయి. నార్లు ముదిరిపోతున్నాయని రైతులు పొద్దున్నే గట్టు ఎక్కి కూర్చున్నారు. ఆ రోజు సామాను ఎక్కువ ఉండడంతో సారు నన్ను కూడా జీపులో రమ్మన్నాడు.

టేక్మాల్ డైవరు దిగాడు. నడుముకు తాడు, ఆ తాడు కొస గట్టు మీద సారు చేతిలో. ఒకసారి గుంజితే బాగున్నానని, నాలుగుసార్లు గుంజితే పైకి లాగమని. కాసేపు ఒక్కో గుంజు వస్తూ ఉంది. తరవాత తాడు అదే పనిగా అదిరింది.

"పెద్ద చేప పడ్డట్టున్నది" అన్నాడు ఒక రైతు.

సారు రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. లాగబోయాడు. తాడు రాలేదు. ఇంకొకరైతే బలంగా లాగేవారు. ఆయన అనుభవం ఉన్న మనిషి, లాగడం ఆపి తాడు వదులు చేశాడు. నీళ్ల మీద బుడగలు ఒకే చోట వస్తున్నాయి. అంటే లోపల ఊపిరి తీసుకుంటున్నాడు, కానీ కదలడం లేదు. నా చేతిలో అతని తువ్వాల ఉంది. దాన్ని ఎందుకు మెలి తిప్పుతున్నానో నాకే తెలియదు.

నాలుగు నిమిషాలట. గట్టు మీద ఒకాయన సెల్లులో చూసి చెప్పాడు. అప్పుడు లేచాడు, ముఖం మీద మాస్కు లేకుండా. కళ్లు ఎర్రగా, ముక్కు కొసన సన్నగా రక్తం. రాళ్ల మీదికి లాగి కూర్చోబెట్టారు.

"మాస్కు ఏదయ్యా?" అన్నాడు సారు.

"వలల ఉన్నది సారు. అడుగున పాత వల ఉన్నది, గండ్ల చిక్కింది."

"అదే ఊడిపోయిందా, నువ్వు తీసేశావా?"

"తీసిన."

"ఎందుకు?"

టేక్మాల్ డైవరు తలెత్తి నా దిక్కు చూశాడు. ఒక్క క్షణమే. ఆ చూపులోనే నాకు అంతా అర్థమైంది. వలలో చిక్కింది మాస్కు కాదు, గొట్టం. దాన్ని విడిపించుకుందామని చూసి ఉంటాడు, నా ముడి రాలేదు. తల కదలక, మాస్కు మొత్తం వదిలేసి, ఆ బురద నీళ్లలో కళ్లు కనిపించకుండా పైకి వచ్చాడు.

"జర గాబరయింది సారు" అన్నాడు.

సారు చేతిలోని తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "గాబరాపడినవాణ్ని మళ్లీ దింపితే నేను చంపినట్టే" అన్నాడు చివరికి, కోపం లేకుండానే. "రేపటి నుంచి నువ్వు దిగొద్దు. పైవాళ్లకు రాస్తాను."

తువ్వాల నా చేతిలోనే ఉంది. నోరు కూడా నా దగ్గరే ఉంది. రెండూ కదలలేదు. పని పోతుందనే భయం కొంత. అంతకంటే ఎక్కువ, అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం చేతకాకపోవడం. అప్పటిదాకా అందరి తప్పులు చూపించడమే నా పని.

సాయంత్రం మెదక్ చర్చి గంట కొట్టే వేళకు అతను గోదాముకు వచ్చి బాతు బొమ్మ మీద తన రెక్కలు తగిలించాడు. అతని వరుసలో రెండు మేకులు ఖాళీ. కళ్లద్దాలు, కొడవలి.

"ఎందుకు చెప్పలే?" అన్నాను.

"ఏంది చెప్పేది?"

"నా ముడి సంగతి."

అతను మేకుల దిక్కు చూస్తూ అన్నాడు. "చెప్తే నిన్ను తీసేస్తరవ్వా. ఈ వయసుల మళ్ల పోయి హోటల్ల గిన్నెలు తోముతవా? నాకైతే వల ఉన్నది, చెరువున్నది. ఏడన్న బతుకుత."

"నీ బిడ్డలు?"

అతను గుమ్మం దిక్కు నడిచాడు. "అవ్వా, ఒక్క మాట. ఇంకొకలకు గట్ల కట్టకు" అని మెట్లు దిగి పోయాడు.

మిగతా మాస్కులన్నీ కిందికి దించి, కత్తెరతో ముడులు కోశాను. కోస్తుంటే కత్తెర మొద్దుబారింది. అంత గట్టిగా కట్టాను.

పొద్దున్నే ఆటో ఎక్కి ఆ చెరువుకు పోయాను. గట్టు దగ్గర ఒక ముసలాయన పుట్టిలో, అదే గుండ్రటి తెప్పలో, కూర్చొని వల సర్దుకుంటున్నాడు. తూము దగ్గర అడుగున ఉన్న పాత వల ఆయనదేనట, పోయిన ఏడాది తెగి మునిగిందట. బతిమాలితే పుట్టి వేసుకొని పోయి, కొక్కెం కర్రతో వెతికి, గంటసేపటికి బయటికి లాగాడు. వల గండ్లలో గొట్టం, గొట్టానికి మాస్కు.

గొట్టాన్ని విడిపించడానికి చూసి ఆయన విసుక్కున్నాడు. "ఎవలు కట్టిండ్రమ్మా గీ ముడి? పగోనికి గూడ గిట్ల కట్టరు."

"నేనే."

ఆయన నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "కత్తి ఉన్నది. కొయ్యాల్నా?"

"ముడి కొయ్యకు. వల కోసి, ముడి గట్లనే ఇయ్యి."

దాన్ని అట్లాగే కొంగులో చుట్టుకొని వచ్చి, సారు బల్ల మీద పెట్టాను.

"సారూ, నిన్న గాబరయింది ఆయనకు కాదు. ఈ ముడి నాది. కాయితం మీద నా పేరు రాయుండ్రి."

సారు చూశాడు. "ఎవరు కట్టమన్నారు మామ్మగారూ మిమ్మల్ని?"

"ఎవ్వలు చెప్పలే. పోతున్నయని కట్టిన."

"అయినా ముడి విప్పుకోవడం డైవరుకు తెలియాలిగా."

"అయితే మీరు ఇప్పుండ్రి. రాండ్రి."

సామాను కడిగే సిమెంటు తొట్టి దగ్గరికి తీసుకుపోయాను. డైవర్లు వేసుకునే చేతి తొడుగులు వేసుకొమ్మన్నాను. మాస్కునూ గొట్టాన్నీ నీళ్లలో ముంచి, కళ్లు మూసుకోమన్నాను. అంత పెద్ద మనిషి చిన్నపిల్లవాడిలా కళ్లు మూసుకొని తొట్టిలో చేతులు పెట్టాడు. నేను గొట్టం కొసను వల పట్టుకున్నట్టు పట్టుకొని గుంజుతూ ఉన్నాను. ఆయన వేళ్లు ముడి మీద తడుముకున్నాయి, జారాయి, మళ్లీ వచ్చాయి. చాలాసేపు తంటాలు పడ్డాడు, ముడి రాలేదు. కళ్లు తెరిచేసరికి ముఖం చెమట పట్టి ఉంది.

"ఇది నీళ్ల పైన, సారూ. వెలుతుర్ల. గాలి కొదవ లేకుంట."

ఆయన తొడుగులు విప్పి తొట్టి అంచున పెట్టాడు. "పట్టీ తీసి బయటపడాలన్న బుద్ధి పుట్టిందంటే గాబరాపడలేదన్నమాట. నాకైనా అంత తొందరగా తట్టేదో లేదో." ముడిని ఇంకోసారి వేలితో తట్టి, "దిగేముందు ప్రతి ముడీ నా చేత్తో గుంజి చూడాలి. అది నా పని. చూడలేదు. మీ పేరొక్కటే రాస్తే ఎలా?" అన్నాడు.

నేను తొట్టిలోంచి మాస్కునూ గొట్టాన్నీ తీసి నీళ్లు దులిపాను.

టేక్మాల్‌కు ఫోను పోయింది. అతను వచ్చాడు. వచ్చీ రాగానే, "అయితే ఇగ గొట్టం పీడ పోయినట్టేనా సారు?" అన్నాడు. మళ్లీ మొదలైంది వాదం. సారు సముద్రం, అతని చెరువు. ఈసారి నేను ఎవరి వైపూ నిలబడలేదు. ఎప్పటి సంగతో గుర్తుకొచ్చి, దారం తీసి ముడి వేయడం మొదలుపెట్టాను.

మూడో తరగతిలో నన్ను బడి మాన్పించింది బర్రెలు కాయడానికి. మా అమ్మ మొదటి రోజు నేర్పింది జారుముడి. బర్రె ఎంత గుంజినా బిగుస్తుందే కానీ ఊడదు. మనిషి వచ్చి తోక కొస పట్టి ఒక్క గుంజు గుంజితే మొత్తం విడిపోతుంది. "కొట్టానికి అగ్గంటుకుంటే ముడి ఇప్పుకుంట కూసుంటవా? కట్టేటప్పుడే ఇప్పే సంగతి సోంచాయించాలె" అనేది. బర్రెకు చూపించిన ఆ బుద్ధి నేను మనిషికి చూపించలేదు.

గొట్టాన్ని తలకు కాకుండా, దాని మెడకు దారం బిగించి, టేక్మాల్ డైవరు ఎడమ తొడకు చుట్టిన పట్టీకి జారుముడితో కట్టాను. ముడి తోకకు నా పాత చీర ఎర్ర అంచు ముక్క కుట్టాను, చేతికి తొందరగా తగిలేటట్టు. "గుంజు" అన్నాను. గుంజాడు. గొట్టం చేతిలోకి వచ్చింది. కళ్లు మూసుకొని గుంజమన్నాను. వచ్చింది. తొడుగులతో. తొట్టిలో. సారు కూడా తన తొడకు కట్టించుకొని చూశాడు.

"సముద్రంలో మాకెవరూ ఇది చెప్పలేదు మామ్మగారూ."

"సముద్రంల బర్రెలు లెవ్వు గదా సారు" అన్నాడు టేక్మాల్ డైవరు.

అతను మళ్లీ అదే తూముకు దిగాడు. జాలి శుభ్రమైంది. నీళ్లు కాలువలోకి దుంకిన రోజు రైతులు మాకు చాయ్ పోయించారు.

నేను చెప్పాల్సిన రోజు ఇంకొకటి ఉంది. అదే యాసంగి చివర, ఎండలు ముదిరిన వేళ. పని ఆ చెరువులోనే, గట్టుకు దూరంగా. పుట్టిలో పోయి దిగాలి, తాడు అంత దూరం రాదని ఆ రోజు నడుముకు కట్టలేదు. అతను నీళ్ల కింద ఉండగానే గాలిదుమారం లేచింది. లంగరు తాడు తెగి, ఖాళీ పుట్టి బొంగరంలా తిరుగుతూ ఎటో కొట్టుకుపోయింది. అతను తేలేసరికి పట్టుకోవడానికి ఏమీ లేదు. సిలిండర్‌లో గాలి అడుగంటింది. అలలు లేవని చెప్పిన చెరువులో అలలు లేచి, గట్టు రాళ్ల మీద పగులుతున్నాయి. నోరు తెరిస్తే నీళ్లు. గట్టు మీద సారు తాడు విసురుతున్నాడు, గాలి దాన్ని వెనక్కి తెచ్చి ఆయన కాళ్ల దగ్గరే వేస్తోంది.

అతని తల మునగడం చూశాను. ఇంకోసారి లేవడం చూశాను. తరవాత తల కనిపించలేదు.

"అగో!" అన్నాడు సారు.

నీళ్ల మీద బెత్తెడు నల్ల గొట్టం, దాని మెడకు చుట్టుకొని ఎర్ర చీర ముక్క. అది అలల మధ్య మునగకుండా, తొందర లేకుండా మా దిక్కు వస్తోంది. ముఖం నీళ్లలో పెట్టుకొని, గొట్టంతో గాలి తీసుకుంటూ, రెక్కలు ఆడిస్తూ మనిషి దాని కింద ఉన్నాడు. నా చీర ముక్క మీది నుంచి చూపు తిప్పలేదు నేను.

రాళ్ల దగ్గరికి వచ్చి నిలబడి, మాస్కు పైకెత్తి, అతను మొట్టమొదట సారు దిక్కే చూశాడు. "ఉన్నయి సారు, అలలు" అన్నాడు రొప్పుతూ. సారు అతన్ని తిట్టాడు, కావలించుకున్నాడు, రెండూ చేశాడు.

ఆ హడావుడిలో గొట్టం అతని చేతిలోంచి జారి తుంగలో పడింది. అది అతను చూశాడు, నేనూ చూశాను.

కాబట్టి గోదాము ముందు అడిగే పిల్లలూ, తీసుకుపొండ్రి. తలకు పెట్టుకోకుండ్రి, తొడకు కట్టుకోండ్రి. కట్టింది ఎవరైనా సరే, దిగేముందు కళ్లు మూసుకొని ఒకసారి గుంజి చూసుకోండ్రి. అవ్వ కట్టింది కదా అని మాత్రం నమ్మకుండ్రి.

ఆ రోజు నేను చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని మోకాలు లోతు నీళ్లలోకి దిగాను. చేతులు తుంగలో పెట్టి తడుముతుంటే టేక్మాల్ డైవరు గట్టు మీద నుంచి అరిచాడు. "పోతే పోనీ అవ్వా! నేనొచ్చిన గదా!"

"నువ్వొచ్చినవు గదా బిడ్డా. ఇగ గొట్టమెందుకు పోవాలె?" అన్నాను. ఎర్ర ముక్క వేళ్లకు తగిలింది.